కాయక ఫలము – కట్టించువాని ధర్మము

పని చేయించుకొనుట వేఱు; చేసినవానికి దాని ఫలమును ముట్టజెప్పుట వేఱు. మొదటిది అవసరము, రెండవది ధర్మము. ఈ రెంటి నడుమ ఎన్ని దినములు గడచునో అన్ని దినములును ఒకని సొమ్ము మఱియొకని చేతిలో నున్నట్లే లెక్క. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు కాయకమును దాసోహమును విడదీయలేదు. స్వకష్టముచే లభించినదే దాసోహమునకు తగినదని శరణుల నడవడి చాటుచున్నది. అట్లయినచో కాయక ఫలమును ఆపినవాడు పనివాని యింటి అన్నమును మాత్రమే ఆపుట లేదు. ఆ పనివాడు చేయవలసిన దాసోహమును కూడ ఆపుచున్నాడు.

తాండూరు ప్రాంతమువారికి ఇది గ్రంథములలోని ప్రశ్న కాదు. ఇచ్చటి భూమిలో పొరలు పొరలుగా నున్న నాపరాయి ఈ ఊరి పేరుతోనే దూరప్రాంతములకు పోవుచున్నది. పొరుగున కర్ణాటకమందలి షాబాదు పేరుతో ప్రసిద్ధికెక్కిన బండయు దీని జాతిదే. గనిలో బండను లేపువాడొకడు, దానిని కోసి నునుపు చేయువాడొకడు, లారీకెత్తువాడొకడు, అమ్ము వ్యాపారి యొకడు, ఇల్లు గుత్తకు తీసికొన్న కాంట్రాక్టరొకడు, అతనియొద్ద నేలపనిని మాత్రము విడిగా ఒప్పుకొన్న సబ్ కాంట్రాక్టరొకడు, తుదకు మోకాళ్లపై కూర్చుండి బండను పఱచు మేస్త్రీ యొకడు. రాయి ఇన్ని చేతులు దాటి గృహస్థుని పాదముల క్రిందికి చేరును. డబ్బు ఈ దారినే వెనుకకు నడచి రావలెను. దారిలో ఏ యొక్క చేయి మూసికొన్నను దాని వెనుకనున్న చేతులన్నియు వట్టివే యగును.

ఒక ఉదాహరణమును తీసికొందురుగాక. ఒక గృహస్థుడు తన యింటి పనిని ఇరువది లక్షల రూపాయలకు ఒక కాంట్రాక్టరునకు గుత్తకిచ్చెననుకొనుడు. కాంట్రాక్టరు బండలు పఱచు పనిని రెండు లక్షలకు ఒక మేస్త్రీకి అప్పగించెను. ఇల్లు పూర్తియైనది. గృహప్రవేశము జరిగినది. గృహస్థుడు ఇరువది లక్షలును చెల్లించెను. మేస్త్రీకి మాత్రము ఎనుబది వేలు రావలసియున్నది. కాంట్రాక్టరు నడుగగా, మఱియొక చోట తన బిల్లు రాలేదనును. గృహస్థు నడుగగా, ‘నేను పూర్తిగా ఇచ్చితిని, నాకేమి సంబంధము?’ అనును. ఇరువురి మాటలును వినుటకు సబబుగానే యుండును. కాని మేస్త్రీ క్రింద పనిచేసిన ఆఱుగురు కూలీలకు ఆ సబబు అన్నము పెట్టదు. ఈ ఎనుబది వేలు ఎవరి ఋణము? దానిని రాబట్టుకొనుటకు మేస్త్రీ ఎంతవఱకు పోవచ్చును? ఈ వ్యాసమున విచారింపదగినవి ఈ రెండు ప్రశ్నలే.

ముందుగా చట్టమేమనునో చూడవలెను. బాకీ తీరువఱకు వస్తువును తన చేతిలో నిలుపుకొను హక్కును న్యాయవేత్తలు లీను హక్కందురు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టములోని 170వ సెక్షను దీనిని పనివానికి ఇచ్చుచున్నది. ఒకడు ఇచ్చిన వస్తువుపై తన శ్రమనో నేర్పునో వినియోగించినవాడు, వేఱు ఒప్పందము లేనిచో, తన ప్రతిఫలము అందువఱకు ఆ వస్తువును ఇయ్యక నిలుపుకొనవచ్చును. ఆ చట్టమే ఇందులకు రెండు దృష్టాంతములను చూపినది. సాన పట్టుటకై ముడి వజ్రమును పుచ్చుకొన్న పనివాడు తన కూలి ముట్టువఱకు ఆ రాతిని తన యొద్ద నుంచుకొనవచ్చును. కోటు కుట్టిన వెంటనే ఇచ్చెదననియు, మూడు నెలల వఱకు డబ్బు అడుగననియు మాట యిచ్చిన దర్జీ మాత్రము కోటును ఆపరాదు. మొదటి దృష్టాంతము తాండూరు పాలిషింగు కార్ఖానాకు చక్కగా అన్వయించును. పరుల బండలను కూలికి నునుపు చేసినవాడు తన కూలి అందనిచో ఆ బండలను నిలుపుకొనుట నేరము కాదు, హక్కు. రెండవ దృష్టాంతము మాటకు గల విలువను తెలుపును. గడువు ఇచ్చినవాడు గడువు తీరువఱకు ఓర్చుకొనవలెను.

తన సొంత సరకును అమ్ముకొన్న వ్యాపారికి 1930 నాటి సరకుల విక్రయ చట్టము ఇట్టి హక్కునే ఇచ్చుచున్నది. అరువు లేక అమ్మినప్పుడు గాని, అరువు గడువు తీరినప్పుడు గాని, కొన్నవాడు దివాలా తీసినప్పుడు గాని, సరకు ఇంకను తన స్వాధీనమందే యున్నచో ధర అందువఱకు దానిని ఇయ్యనక్కఱలేదు. అయినను కొన్నవానికి చేర్చుటకై సరకును ఎట్టి షరతును లేక లారీవానికి అప్పగించినంతనే ఈ హక్కు జాఱిపోవును. ఆ పిమ్మట కొన్నవాడు అప్పులు తీర్చలేని స్థితిలో పడినచో త్రోవలోనున్న సరకును ఆపించు అవకాశము మాత్రము మిగులును. సరకు అతనికి చేరినదా, అదియును లేదు.

ఇక బండ నేలలో కూర్చుండిన పిదప సంగతి యేమి? ఇచ్చట భారతదేశపు చట్టము మౌనము వహించుచున్నది. కట్టిన కట్టడముపై కట్టినవానికి లీను హక్కును ఇచ్చు సాధారణ చట్టము ఈ దేశమున లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము భూమిని అమ్మి పూర్తి ధర పొందనివానికి ఆ భూమిపైననే బాధ్యతను కల్పించినది. ఆ భూమిపై గోడ లేపినవానికి, నేల పఱచినవానికి అట్టిది కల్పింపలేదు. మేస్త్రీకి మిగిలినది తనకు పని యిచ్చిన కాంట్రాక్టరుపై దావా వేయుట. చెల్లింపునకు గడువు నిర్ణయింపని పనికి, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, పని ముగిసిన నాటినుండి మూడేండ్లలో ఆ దావా వేయవలెను. గృహస్థునకును మేస్త్రీకిని నేరుగా ఒప్పందము లేదు గనుక గృహస్థుపై దావా నిలుచుట కష్టము.

ఇందలి రెండు మాటలు వీరశైవ కుటుంబములకు చిరపరిచితములు. కదలని ఆస్తి స్థావరము, కదలునది జంగమము. చేతిలో నున్న రాయి జంగమముగా నున్నంతకాలము పనివానికి హక్కున్నది. అది నేలలో చేరి స్థావరమైనంతనే హక్కు పోయినది. పని అసంపూర్తిగా నున్నప్పుడు పనివాడు బలవంతుడు. పని పూర్తిచేసి మాట నిలుపుకొన్ననాడు అతడు దుర్బలుడు. చట్టమునకు దాని కారణములు దానికున్నవి. ఇల్లు కొనువానికి కనబడని బాకీలు చుట్టుకొనరాదని దాని యుద్దేశము కావచ్చును. కాని శరణమార్గము స్థావరముకన్న జంగమమునకే పెద్దపీట వేసినది. నిలిచియుండు కట్టడము గొప్పదా, దానిని నిలిపి వెడలిపోయిన మనుష్యుడు గొప్పవాడా యని యడిగినచో ఆ మార్గమున నడచువారు తడుముకొననక్కఱలేదు. చట్టము విడిచిన చోటనే ధర్మము పట్టుకొనవలసియున్నది.

ఇతర దేశములలో చట్టమే ఈ లోటును పూరింప యత్నించినది. అమెరికాలో వాషింగ్టను నగర నిర్మాణమును ప్రోత్సహించుటకై 1791లో మేరీల్యాండు రాష్ట్రము కట్టినవారికి కట్టడముపై లీను హక్కును ఇచ్చు శాసనమును చేసెను. నేడు ఆ దేశపు రాష్ట్రములన్నింటను ఏదో యొక రూపమున ఇట్టి చట్టము కలదు. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన టెక్సాసులో ఈ హక్కు రాష్ట్ర రాజ్యాంగముననే చోటు చేసికొన్నది. అచ్చట సబ్ కాంట్రాక్టరు తన బాకీని గూర్చి ఇంటి యజమానికి నిర్ణీత కాలములో నోటీసు పంపును. తీరనిచో కౌంటీ కార్యాలయమున ప్రమాణపత్రమును దాఖలు చేయును. ఆ ఇల్లు అమ్మబోయిననాడు ఆ బాకీ ఎదురుగా నిలుచును. యజమాని పని విలువలో పదవ వంతును పని ముగిసిన పిమ్మట ముప్పది దినములవఱకు చెల్లింపక అట్టిపెట్టవలెనను నియమము కూడ ఆ రాష్ట్రమున కలదు. ఫ్రాన్సు 1975 నాటి చట్టముచే, నిబంధనల ప్రకారము అంగీకరింపబడిన సబ్ కాంట్రాక్టరు కాంట్రాక్టరు ఇయ్యనిచో కట్టించువానినే నేరుగా అడుగు మార్గమును ఏర్పఱచెను. బ్రిటను 1996 నాటి చట్టమున, ‘నాకు వచ్చిన పిదప నీకిచ్చెదను’ అను షరతును నిర్మాణ ఒప్పందములలో సాధారణముగా చెల్లకుండ చేసెను.

ఈ నోటీసుల మర్మమును గ్రహింపవలెను. నోటీసు తిట్టు కాదు, బెదిరింపు కాదు. ‘మీ నేలలో నా శ్రమ యున్నది, దాని వెల నాకింకను ముట్టలేదు, మీ చేతిలో ఇంకను డబ్బున్నప్పుడే ఈ సంగతి తెలిసికొనుడు’ అని చెప్పుటయే దాని సారము. తెలియనివానికి తెలుపుట అది. తెలిసిన పిదప తెలియనట్లు నటించుటకు వీలులేకుండ చేయుట కూడ అది.

ఈ దేశమున కూలీలకు కొంత రక్షణ లేకపోలేదు. కాంట్రాక్టరు కూలి ఇయ్యనిచో ప్రధాన యజమాని దానిని చెల్లించి కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టము విధించెను. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల కోడ్ కూడ, పని యిచ్చినవాడు వేతనము చెల్లింపనిచో ఆ సంస్థ యజమాని దానికి బాధ్యుడని చెప్పుచున్నది. చిన్న పరిశ్రమలనుండి సరకులు సేవలు పొందినవారు ఒప్పుకొన్న గడువులో, ఎట్లైనను 45 దినములకు మించకుండ చెల్లింపవలెననియు, మీఱినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుననియు 2006 నాటి చట్టము శాసించినది. అయినను ఈ రక్షణలు సంస్థలకు, పత్రములు గలవారికి సులభముగా అందును. ఒక గృహస్థుడు తన కాపురమునకై కట్టించుకొను ఇంటిలో, నోటిమాటపై పనిచేసిన మేస్త్రీకి ఇవి అందుట అరుదు. అచ్చట మిగిలినది కట్టించువాని అంతఃకరణమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావలెను. పూర్తిగా చెల్లించిన గృహస్థుడు మరల చెల్లింపవలెనా? ఒకే పనికి రెండుమార్లు వెల కట్టుమనుట కూడ అన్యాయమే. అతడును కష్టార్జితమునే వెచ్చించినవాడు. ఒకవేళ అప్పు చేసినవాడు. కావున అపరిమితమైన భారమును అతనిపై మోపరాదు. కాని ‘నాకేమి సంబంధము’ అను మాట మాత్రము సత్యము కాదు. సంబంధమున్నది. ఆ మేస్త్రీ పఱచిన నేలపైననే అతని బిడ్డలు నడచుచున్నారు. తన ప్రతిఫలమును కోరి చేసిన పనివలన మఱియొకడు లాభము పొందినచో, ఆ పొందినవాడు వెల ఇయ్యవలెనను తలంపు 1872 నాటి చట్టములోని 70వ సెక్షనునకు కూడ మూలము. కోర్టులు దానిని ఈ సందర్భమున వర్తింపజేయుట అరుదైనను, ఆ తలంపులోని నీతి చెడదు.

కాబట్టి గృహస్థుని ధర్మము మూడు మెట్లుగా నిర్ణయింపవచ్చును. తన చేతిలో ఇంకను కాంట్రాక్టరునకు ఇయ్యవలసిన సొమ్ముండగా పనివాని బాకీ సంగతి తెలిసినచో, ఆ సొమ్ము పనివానికి చేరునట్లు చూచుట అతని విధి. ఇది దయ కాదు. ఇందులో అతనికి కాసు నష్టము లేదు. తెలిసికొనుట సులభమైయుండియు అడుగక తుది బిల్లును చెల్లించినచో, ఆ ఉపేక్షలో అతనికి పాలున్నది. కాంట్రాక్టరుతో తగవు తీర్చుటకు అతడు తన పలుకుబడిని, సాక్ష్యమును, అవసరమైనచో కొంత సొమ్మును వినియోగింపవలెను. అడిగి, విచారించి, మోసపోయి చెల్లించినచో అతడు నిర్దోషి. అయినను నిజము చెప్పుటకు వెనుదీయరాదు. ఎవరికి ఎంత యిచ్చెనో చూపు కాగితమును మేస్త్రీకి ఇచ్చుట కూడ ఒక చెల్లింపే.

కాంట్రాక్టరు మాటకు వత్తము. ‘పైనుండి రాలేదు గనుక క్రిందికి ఇయ్యలేదు’ అనుట ఈ వృత్తిలో నిత్యము వినబడు మాట. దీనిలో కొంత నిజమున్నది. ప్రభుత్వ బిల్లులు కాని, పెద్ద సంస్థల బిల్లులు కాని ఆలస్యమైనచో చిన్న కాంట్రాక్టరు నలిగిపోవును. కాని కూలివాడు లాభములో భాగస్థుడు కాడు. గుత్తలో పది వేలు మిగిలిననాడు అతనిని పిలిచి పంచినవారు లేరు. లాభమున పిలువబడనివానిని నష్టమున భాగస్థుని చేయుట ఏ లెక్కకు న్యాయము? ఈ మాట సబ్ కాంట్రాక్టరునకు కూడ చెల్లును. అతడు పైవానికి బాకీదారుడు కాక బాకీ రావలసినవాడై యుండవచ్చును. తన క్రింద పనిచేసిన ఆఱుగురికి మాత్రము అతడే ఋణస్థుడు. తన హక్కుకై నోటీసు వ్రాయు చేతితోనే వారి కూలి లెక్కను కూడ వ్రాయవలెను.

రెండవ ప్రశ్న పనివానిది. హక్కును నిలుపుకొనుటకు అతడెంతవఱకు పోవచ్చును? ఇచ్చట ఆయదక్కి లక్కమ్మ చరిత్ర త్రోవ చూపుచున్నది. ఆమె భర్త మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు వాడుకకన్న ఎక్కువ తెచ్చెను. ఆమె అందులకు సంతసింపక, మిగులు బియ్యమును తిరిగి అచ్చటనే వేసి రమ్మని పంపెను. పేదయైన ఇల్లాలు తన పేదఱికమును ఎక్కువ తీసికొనుటకు సాకుగా చూపలేదు. తనకు రావలసినదానిని విడువకుండుట ఎట్లు ధర్మమో, దానికి మించి ముట్టకుండుటయు అట్లే ధర్మమని ఈ కథవలన తెలియుచున్నది.

దీనినిబట్టి పనివాడు తన చేతిలోనున్న వస్తువును నిలుపవచ్చును. తన చేయి దాటినదానిని లాగుకొనరాదు. ఎనుబది వేలు రావలసియుండగా లక్షన్నరయని వ్రాయరాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున లీను మొత్తమును బుద్ధిపూర్వకముగా పెంచి చూపినచో ఆ లీను పూర్తిగా చెల్లకపోవునని చట్టమున్నది. హెచ్చు కోరినవాడు ఉన్నదానిని కూడ పోగొట్టుకొనును. పఱచిన బండలను రాత్రివేళ పెల్లగించుట, కాపురమున్న ఇంటికి తాళము వేయుట, శుభకార్యము నాడు వాకిట కూర్చుండి పరువు తీయుట – ఇవి కోపమునకు తృప్తినియ్యవచ్చును గాని కాయకమునకు గౌరవమునియ్యవు. తాను చేసిన పనిని తానే పాడుచేయువాడు తన కాయకమునే అవమానించుకొనుచున్నాడు. తన చేతిలోనున్నదానిని ఆపుటకైనను ముందుగా తెలుపుట మేలు. కొన్నవాడు డబ్బియ్యనిచో సరకును మఱియొకరికి అమ్మదలచిన వ్యాపారి, అది చెడిపోవు సరకు కానప్పుడు, ఆ సంగతిని ముందు తెలిపి, తగినంత గడువు ఇయ్యవలెనని 1930 నాటి చట్టము కూడ చెప్పుచున్నది.

చిన్న ఊళ్లలో ఇట్టి నోటీసులు స్నేహములను చెఱచునని కొందఱి సంశయము. తాండూరు వంటి పట్టణమున గని యజమాని, కార్ఖానాదారుడు, కాంట్రాక్టరు, గృహస్థుడు ఒకే పెండ్లిలో పంక్తిన కూర్చుండువారు. వారిలో బంధువులును ఉందురు. కాగితము వ్రాసికొనుట అపనమ్మకమని తలచువారు లేకపోలేదు. కాని స్నేహమును చెఱచునది కాగితము కాదు, బాకీ. నోరు విప్పలేని మేస్త్రీ లోలోపల మ్రగ్గి, ఒకనాడు పది మంది నడుమ అఱచును. అప్పుడు చెడిన మనసు మరల అతుకదు. భాండాగారపు లెక్కలు చూచిన బసవేశ్వరుని అనుయాయులకు లెక్క వ్రాయుట నామోషీ కానేరదు.

కట్టించువారు పాటింపదగిన పద్ధతులు కష్టమైనవి కావు. పని యిచ్చునప్పుడే కాంట్రాక్టరు క్రింద ఎవరెవరు ఏ పని ఒప్పుకొనిరో ఒక కాగితముపై వ్రాయించుకొనవలెను. ప్రతి బిల్లునకు ముందు వెనుకటి బిల్లు సొమ్ము క్రిందివారికి చేరినదా యని అడుగవలెను. టెక్సాసువారు చట్టముచే చేయుదానిని ఇచ్చటివారు ఒప్పందముచే చేసికొనవచ్చును: పదవ వంతును నిలిపి, బాకీలు లేవని మేస్త్రీలు సంతకము చేసి ఇచ్చిన పిదప దానిని చెల్లింపవలెను. పనివారును హాజరు పట్టీని, కొలతలను, ముట్టిన అడ్వాన్సును వ్రాసియుంచుకొనవలెను. వ్రాత రానివారికి వ్రాసి పెట్టుట చదువుకొన్న యువకులకు తగిన సేవ.

మఠములకు ఈ విషయమున ఎక్కువ బాధ్యత కలదు. భక్తుల విరాళములతో దాసోహ భవనములు, విద్యార్థి వసతి గృహములు, కల్యాణ మండపములు లేచుచున్నవి. కట్టించినవారి పేర్లు చలువరాతిపై చెక్కబడుచున్నవి. ఆ చలువరాతిని చెక్కినవానికి కూలి ముట్టినదా యని ప్రారంభోత్సవమునకు ముందు విచారించు ఆచారము కూడ ఏర్పడవలెను. తన క్రింది కూలీలకు బాకీయుండి మఠమునకు లక్ష సమర్పించు కాంట్రాక్టరు ఇచ్చుచున్నది తన సొమ్ము కాదు; అడుగకుండ తీసికొన్న పరుల దాసోహము. దానిని ప్రేమతో త్రిప్పి పంపి, ‘ముందు వారికి ఇచ్చి రమ్ము’ అని చెప్పగల పీఠము వేయి ఉపన్యాసములకన్న ఎక్కువ బోధించును.

కట్టడముపై కట్టినవానికి హక్కునిచ్చు శాసనము ఈ దేశమున రావలెనా వద్దాయనునది శాసనసభ్యులును న్యాయవేత్తలును తేల్చవలసిన ప్రశ్న. అది వచ్చువఱకు ఎవడును వేచియుండనక్కఱలేదు. రిజిస్ట్రారు కార్యాలయమున నమోదు కాని బాకీ కూడ బాకీయే. దానిని అడిగించుకొనక తీర్చువాడు గృహస్థుడు. మితము మీఱక అడుగువాడు కాయకజీవి. ఆ ఇరువురి నడుమ నోటీసు రావలసిన పని యుండదు.